పులుసు గిన్నె మీద నింద

ఎండాకాలం మొదలైనప్పటి నుంచి మా వదినకు నీళ్ల విరేచనాలు. జ్వరం లేదు, రక్తం లేదు. సబ్బవరం నుంచి పట్నంలోని ద్వారకా నగర్‌కు బస్సెక్కడమే మానేసింది. దారిలో ఎక్కడ ఆపమంటుంది? మనిషి సగమైంది. చివరికి ఆసుపత్రిలో కెమెరా పరీక్ష చేసి, పెద్దపేగు చూడటానికి మామూలుగానే ఉందన్నారు.

ఆ మాట వదిన తమ్ముడికి చాలిపోయింది.

"కెమెరా ఎట్టి సూసీసినారు బావ, పేగులో ఏటీ లేదంట. మరి సిల్లంగి కాక ఏటి? ఆ ముసల్ది పులుసిచ్చిన కాడ్నుంచే గదా!"

ఆ ముసలామె పక్కింట్లో ఒంటరిగా ఉంటుంది. చేపలమ్మి బతికిన మనిషి. వేసవి మొదట్లో ఒక గిన్నెడు వంజరం పులుసు తెచ్చిచ్చింది. ఆ గిన్నె వదిన వంటింటి మూల అలాగే పడి ఉంది. ఎవరూ ముట్టుకోవడం లేదు.

చిల్లంగి, అంటే చేతబడి, చేశారన్న నింద మా వైపు మాటతో ఆగదు. ఆ నింద పడ్డవాళ్లను కొట్టారు, పళ్లూడగొట్టారు, ఊరు దాటించారు. నాకు ఒళ్లు మండింది.

"పేగులో ఏటీ లేదని ఆల్లు అనలేదు. కంటికి అవుపడలేదన్నారు. రెండూ ఒకటేనేటి?"

"నీకు దేవుడూ లేడు, దెయ్యమూ లేదు. మా అప్పకి రోగం కూడా లేదనీయ్, సరిపోద్ది!"

వదినను మరో డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లాను. ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "పేగులోంచి పరీక్షకు ముక్క తీశారా?" తీయలేదు. "మోకాళ్ల నొప్పికి మాత్రలు వేసుకుంటారా?" ఏళ్లుగా మింగుతోంది.

మళ్లీ పరీక్ష చేసి, పేగులో నాలుగైదు చోట్ల నుంచి చిన్న చిన్న ముక్కలు తీశారు. మైక్రోస్కోపు కింద వాపు దొరికింది. మైక్రోస్కోపిక్ కొలైటిస్ అన్నారు. ఈ జబ్బులో పేగు పైకి నున్నగానే ఉంటుందట. గోడలో మాత్రం తెల్లరక్తకణాలు గుమిగూడి ఉంటాయి. నొప్పి మాత్రలే కారణమని తేల్చి చెప్పలేమని, అయినా ఆపేయమని అన్నారు. వేరే మందు రాశారు. కొన్ని వారాలకు వదిన తేరుకుంది.

తేరుకున్నాక ఆ గిన్నె తోమింది. వట్టి గిన్నె తిరిగివ్వకూడదని బెల్లం వేసి పట్టుకెళ్లింది. నేనూ వెంట వెళ్లాను. ముసలామె తలుపు సగమే తీసింది.

"బెల్లం వద్దు తల్లీ. ఒట్టి గిన్నె ఇచ్చీ. రేపు నీకు తలనొప్పొచ్చినా నా పేరే సెప్తారు."

"మల్లీ పులుసెట్టు పిన్నీ. ఈ అరుగు మీదే, అందరూ సూస్తుండగా తింతాను."

ఆమె బెల్లం వదిన చేతిలో పెట్టి, గిన్నె తీసుకుని తలుపు వేసుకుంది. వదిన అరుగు మీదే కూర్చుంది. తమ్ముడు పిలిచినా లేవలేదు. లోపల పులుసుకు పొయ్యి వెలిగిన చప్పుడు కోసం నేనూ చాలాసేపు చెవి ఒగ్గాను. వినిపించలేదు.