ట్యాపెట్ల ఆదివారాలు

మొన్న శ్రీకాకుళం బజారులో పప్పుల కొట్టువాడు ఖాళీ గోనెసంచిని నా పక్కనే దులిపేసరికి, ఆ దుమ్ముతోపాటు లేచిన వాసనకి నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. గోగునార వాసన, దానికి పట్టిన మిల్లు నూనె వాసన. ఇప్పుడు బియ్యమూ పప్పులూ అన్నీ ప్లాస్టిక్ సంచుల్లోనే వస్తున్నాయి గనక గోనె వాసన ముక్కుకి తగలడమే అరుదైపోయింది. మా చిన్నప్పుడు మాత్రం అది మా నాన్న వాసన. జూట్ మిల్లులో మగ్గం మీద పనిచేసే నాన్న, షిఫ్టు దిగి వచ్చి, నూతి దగ్గర సబ్బు రుద్దుకుని స్నానం చేసి, ఉతికిన లుంగీ కట్టుకున్నాక కూడా ఆ వాసన ఆయన చేతుల్ని వదిలేది కాదు.

మా ఊరు విజయనగరానికి దగ్గర్లోనే. మిల్లు ప్రహరీగోడ వెంబడి సాగే వీధిలో మా ఇల్లు. వారంలో ఆరు రోజులూ సైరను చెప్పినట్టు నడిచే ఆ వీధికి ఆదివారం ఒక్కటే సొంతం. చలికాలం ఆదివారాలైతే మరీ బాగుండేవి. పెంకుల మీంచి మంచు బొట్లుబొట్లుగా కారుతూ ఉండగా, అమ్మ వంటింట్లో చోడిపిండి అంబలి కలుపుతూ, కళింగపట్నం నుంచి వచ్చిన ఎండు నెత్తళ్ల చేపల్ని పెనం మీద వేయిస్తూ ఉండగా, నేనూ మా చెల్లెలు చిట్టీ అరుగు మీద గచ్చకాయలు ఎగరేసుకుంటూ ఉండగా, నాన్న ఇంటి ముందు గోనెసంచి పరిచి, మోటారుసైకిలు బండిని స్టాండు మీద నిలబెట్టి, చిన్న గిన్నెలో కిరసనాయిలు పోసుకుని కూర్చునేవాడు. ట్యాపెట్లు సరిచేయడమంటే ఇంజను చల్లగా ఉండాలి. అందుకే శనివారం షిఫ్టు నుంచి వచ్చాక, ఎవరు పిలిచినా ఆయన మళ్లీ బండి తీసేవాడు కాదు.

ఇంజనుకి రెండు తలుపులుంటాయని నాన్న మాకు చెప్పేవాడు. వెనకవైపు తలుపు పెట్రోలూ గాలీ లోపలికి రావడానికి, ముందువైపు తలుపు పొగ బయటికి పోవడానికి. ఆ తలుపుల్నే వాల్వులంటారు. వాటిని తట్టి తెరిచే ఇనప చేతికీ, తలుపుకీ మధ్య వెంట్రుకంత సందు ఉండాలి. ఆ సందు సరిచూడటమే ట్యాపెట్లు సరిచేయడం. సందు ఎక్కువైతే ఆ తట్టే చప్పుడు టకటకా బయటికి వినబడుతుంది. సందు లేకపోతే చప్పుడే రాదు గాని, తలుపు సరిగ్గా మూసుకోక వేడికి అంచు కాలిపోతుంది. సందు కొలవడానికి గేజి అని ఒకటుంటుందట. నాన్న దాన్ని వాడేవాడు కాదు. నట్టు వదులు చేసి, స్క్రూ తిప్పి, వేలితో కదిపి చూసి, మూతలు బిగించి, కిక్కు కొట్టి, తల ఒక పక్కకి వాల్చి వినేవాడు. దూరం నుంచి కుట్టుమిషను నడిచినట్టు ఉండాలనేవాడు. నచ్చకపోతే ఇంజను చల్లారేదాకా ఆగి మళ్లీ మూతలు విప్పేవాడు. మా వీధిలో బండి ఉన్నవాళ్లంతా ఆదివారం మా ఇంటి ముందుకే వచ్చేవారు. అలా వినీ వినీ, అరుగు మీద ఆడుకుంటున్న మాకు కూడా, వీధి మలుపులో బండి చప్పుడు వినబడగానే అది ఎవరిదో తెలిసిపోయేది.

ఇంట్లో నాన్న పెట్టిన కట్టుబాటు ఒకటే. "ఎనకనుంచి పిలవకండి. ఎదట నిలబడి, మొకం సూసి మాటాడండి." అది పెద్దల పట్ల మర్యాద నేర్పడం అనుకునేవాళ్లం మేము. మగ్గాల మోతలో మాట వినబడదు గనక మిల్లులో అందరూ ఒకళ్ల పెదాలు ఒకళ్లు చూసే మాట్లాడుకుంటారని మాకు తెలుసు. ఆ అలవాటే ఇంటికీ వచ్చిందేమో అని కూడా అనుకున్నాం. మనిషి ఎదురుగా ఉంటే నాన్న ఒక్క మాట కూడా పొల్లు పోనిచ్చేవాడు కాదు. అందుకే అసలు సంగతి చాలాకాలం బయటపడలేదు. ఇంజనుకి మాత్రం పెదాలు లేవు.

ఒక ఆదివారం నాన్న మా బండికే ట్యాపెట్లు సరిచేసి కిక్కు కొట్టాడు. చింతపిక్కలు డబ్బాలో పోసి ఊపినట్టు ఒకటే టకటక. గచ్చకాయలు పట్టుకున్న నా చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. నాన్న ఎప్పటిలాగే తల వాల్చి, కళ్లు మూసుకుని కాసేపు విని, తృప్తిగా లేచి చేతులు తుడుచుకున్నాడు.

"సూసినావా, ఎంత మెత్తగా ఉన్నాదో!" అన్నాడు నావైపు తిరిగి.

నేను నోరు తెరవబోతే, గుమ్మంలో నిలబడ్డ అమ్మ కళ్లతోనే వద్దంది. ఆవిడ మొహం చూస్తే, ఆ సంగతి ఆవిడకి ముందునుంచే తెలుసనిపించింది. పైకి అనేస్తే నిజమైపోతుందని భయపడిందేమో, లోపలికి వెళ్లిపోయింది.

ఎదురింటి సత్యం చిన్నాన్నది బట్టల వ్యాపారం. బండి వెనక మూట కట్టుకుని ఊళ్ల మీద తిరిగేవాడు. మాకు చుట్టమేమీ కాదు గాని నాన్నని సొంత అన్నలా చూసేవాడు. ఆ చలికాలంలోనే నాన్న అతని బండికీ ట్యాపెట్లు బిగించాడు. ఆ బండి నుంచి టకటక చప్పుడే రాలేదు. బాగుందనే అందరూ అనుకున్నారు. కొన్నాళ్లకి, తల్లిని కంటి డాక్టరుకి చూపించడానికి తీసుకెళ్తుంటే, మిట్టమధ్యాహ్నం రోడ్డు మీద బండి ఆగిపోయిందట. కిక్కు కొడితే కాలు ఖాళీగా కిందికి దిగిపోవడమే తప్ప ఇంజను పలకలేదట. చూపు ఆనని ఆ ముసలమ్మ ఒక చేత్తో బండి వెనక పట్టుకుని, ఆ ఎండలో కొడుకు తోసుకెళ్తున్న బండి వెంట నడిచిందట. వాల్వు కాలిపోయిందని చెప్పి, పట్నంలో మెకానిక్ కొత్తది వేశాడు.

సత్యం చిన్నాన్న వచ్చి ఒక్క మాట అనలేదు. మళ్లీ ఆదివారం బండి తేలేదు, అంతే. అతన్ని చూసి తక్కినవాళ్లూ మానేశారు. నాన్న పొద్దున్నే గోనె పరిచి, స్పానర్లు వరసగా పేర్చుకుని, గిన్నెలో కిరసనాయిలు పోసుకుని కూర్చునేవాడు. బండ్లు మా ఇంటి ముందు నుంచే వెళ్లేవి. మా ఇంటి దగ్గరికి వచ్చేసరికి కొంచెం వేగం పెంచేవి. ఎండెక్కాక నాన్న ఆ కిరసనాయిల్ని మళ్లీ సీసాలోకి ఒంపుకుని లేచేవాడు. ఆ ఒంపడం చూడలేక చిట్టీ నేనూ అరుగు మీద ఆట కట్టిపెట్టి లోపలికి వచ్చేసేవాళ్లం.

ఒక సాయంత్రం షిఫ్టు దిగి వచ్చిన నాన్న నన్ను పెరట్లో ములగచెట్టు దగ్గరికి పిలిచాడు.

"నా ఎనకాల నిలబడు. నాను తిరగను. ఏటో ఒకటి సెప్పు" అన్నాడు.

ఏం చెప్పాలో తోచలేదు. "నానా, అమ్మ అంబలి తాగడానికి రమ్మంటన్నాది" అన్నాను. ఆయన వీపు కదల్లేదు. ఇంకొంచెం గట్టిగా అన్నాను. తరవాత అరిచాను. గోడ పక్కన పడుకున్న కుక్క లేచి నిలబడింది. ఎందుకరుస్తున్నానో అని చిట్టి పరుగెత్తుకొచ్చింది. నాన్న మాత్రం చేతులు కట్టుకుని, చెట్టు మీది ములక్కాయల వంక చూస్తూ, నేను మొదలుపెడతానని ఎదురుచూస్తున్నాడు. ఆ తరవాత మెల్లగా వెనక్కి తిరిగాడు.

"సెప్పినావా, ఇంకా సెప్పనేదా?"

చెప్పానన్నట్టు తలూపాను. ఆయన నా కళ్లలో నీళ్లు చూసి, నా తల మీద చెయ్యి వేసి, "సర్లే, ఎల్లి ఆడుకో" అన్నాడు. నూతి దగ్గరికి వెళ్లి, చేద మీద చేద తోడుకుని చాలాసేపు మొహం కడుక్కున్నాడు.

ఆ ఆదివారం ఆయన గోనె పరవలేదు. బస్సెక్కి విజయనగరం వెళ్లి గేజి కొనుక్కొచ్చాడు. చాకులా మడతపెట్టిన పలచని ఉక్కు రేకులు, ఒకదానికంటే ఒకటి మందం. వారమంతా మా బండి ముందు కూర్చుని వేళ్లకి ఆ పని నేర్పుకున్నాడు. రేకు జారిపోకూడదు, ఇరుక్కుపోకూడదు. బరువైన పుస్తకం కిందనుంచి కాగితం లాగితే ఎలా వస్తుందో అలా రావాలి. చెవితో ఇన్నాళ్లూ చేసిన పనిని వేలికొసలకి ఒప్పజెప్పడం ఆయనకి తేలిక కాలేదు. ఒకటి రెండుసార్లు రేకులు విసిరికొట్టి, మళ్లీ తనే లేచి వెతికి తెచ్చుకున్నాడు.

తరవాతి ఆదివారం, వీధంతా బయట ఉన్న వేళ, నాన్న రోడ్డు దాటి ఎదురింటికి వెళ్లాడు.

"ఒరే సత్యం, నాకు సెవులు పోనాయిరా. నీ బండి వాల్వు నా వల్లే కాలిపోనాది. మీ అమ్మ ఎండలో నడిసింది. ఒక్కసారి ఆ బండి తే."

"అదేటన్నా, అలగంటావు" అంటూ సత్యం చిన్నాన్న కంగారుపడి, ఇంకేం అనాలో తెలియక బండి నడిపించుకుంటూ వచ్చాడు.

నాన్న గేజి పెట్టి రెండు వాల్వులూ సరిచేసి, మూతలు బిగించి, కిక్కు కొట్టాడు. ఈసారి తల వాల్చలేదు. చుట్టూ ఉన్న మొహాల వంక చూశాడు. సత్యం చిన్నాన్న వెంటనే "బాగున్నాదన్నా" అన్నాడు.

"నువ్వు బాగున్నాదనే అంటావులేరా" అని నాన్న గుమ్మం వైపు చూశాడు. "నువ్వు రా" అన్నాడు అమ్మని.

మగవాళ్లు గుమిగూడిన చోటికి అమ్మ ఎన్నడూ వచ్చింది లేదు. చేతులు కొంగుకి తుడుచుకుని, ఆ కొంగు నడుముకి దోపుకుని, మెట్లు దిగి వచ్చి, బండి పక్కన వంగి ఇంజనుకి చెవి దగ్గరగా పెట్టింది. వీధిలో ఎవరూ నవ్వలేదు. నాన్న ఇంజనుని చూడటం మానేసి అమ్మ పెదాలనే చూస్తున్నాడు. ఆవిడ తొందరపడలేదు.

"ముందుది బాగున్నాది మావా. ఎనకది సిన్నగా తడతన్నాది" అంది, ఒక్కో మాటా విడివిడిగా.

నాన్న ఆ మాట నమ్మాడు. ఇంజను చల్లారేదాకా వచ్చినవాళ్లందరికీ అమ్మ అంబలి పోసింది. మళ్లీ మూత విప్పి, వెనక వాల్వు సరిచేసి, కిక్కు కొట్టాక అమ్మ మళ్లీ వంగి విని, "ఇప్పుడు సరిపోనాది" అంది. ఆ తరవాత ఏ ఆదివారం వచ్చినా, ఎవరి బండి అయినా, అమ్మ విని సరే అనందే మా ఇంటి ముందు నుంచి కదల్లేదు.

మిల్లు మూతపడి చాలా కాలమైంది. ప్రహరీగోడ లోపల తుప్పలు లేచాయి. మా వీధిలో ఇప్పుడు ఇంటింటికీ బండి ఉంది గాని, ఇంటి ముందు కూర్చుని ఇంజను మూత విప్పేవాళ్లు ఒక్కరూ లేరు. అన్నిటినీ తీసుకెళ్లి సర్వీసు సెంటర్లో ఇచ్చి వస్తున్నారు. సత్యం చిన్నాన్న లేడు. నాన్నా లేడు. ఆయన ఉన్నన్నాళ్లూ ఆయన కోసం మా ఇంట్లో అందరం గొంతెత్తే మాట్లాడాం. అదే అలవాటుతో నేను పెళ్లై అత్తవారింటికి వచ్చిన కొత్తలో, ఈ కోడలు ఎప్పుడూ దెబ్బలాటకి వచ్చినట్టే మాట్లాడుతుందేమిటని మా అత్తగారు హడలిపోయింది.

అమ్మ ఇప్పుడు విజయనగరంలో చిట్టి దగ్గర ఉంటోంది. కిందటి వారం ఫోను చేస్తే ఏదో చెబుతోంది గాని, గుసగుసలా ఉంది తప్ప నాకు మాట అందలేదు.

"ఏటమ్మా, ఇనబడట్లేదు. గట్టిగా సెప్పు" అన్నాను.

అమ్మ చిన్నగా నవ్వింది.

"గట్టిగా మాటాడ్డం మరిసిపోనానే" అంది.

నేను ఫోనుని చెవికి ఇంకాస్త దగ్గరగా అదుముకున్నాను.