కూలికొచ్చిన మనిషి

వేకువ పిన్ని అసలు పేరు ఆ ఊళ్లో సగం మందికి తెలియదు. కోడి కూయకముందే చేలో ఉంటుందని ఆ పేరు తగిలించారు. ఆ మాటకొస్తే కోడిని లేపేది కూడా ఆవిడేనని పొరుగువాళ్ల వేళాకోళం. పెళ్లయినప్పటి నుంచీ కౌలు సేద్యమే. కాగితం లేదు, సంతకం లేదు. నోటిమాట మీద బట్టల కొట్టు బావగారి చేను చేసుకుంటూ, పండినా ఎండినా కౌలు తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టి వస్తుంది. బావగారంటే ఆవిడ పెనిమిటికి పెదనాన్న కొడుకు. ఆయనకు టౌనులో కొట్టు, చేను ఏ దిక్కున ఉందో తెలుసు, అంతే. అయినా ప్రభుత్వం రైతుకిచ్చే సాయం ఏటా ఆయన ఖాతాలోనే పడేది. పొలం ఆయన పేరున ఉంది కాబట్టి రైతు ఆయనే! ఇదెక్కడి న్యాయమని అడిగే ధైర్యం పిన్నికి లేదు. అడిగితే చేను ఉండదు.

ఈసారి రూలు మారింది. వానకి టమాటా తోట సగం పడిపోయాక, నష్టపరిహారం సేద్యం చేసేవాళ్లకే ఇస్తారనీ, ఆఫీసరమ్మ చేలోకే వచ్చి ఫొటో తీసుకుంటుందనీ కబురొచ్చింది. ఎప్పుడూ గుమ్మం తొక్కని బావగారు ఆ సాయంత్రమే ఇంటికొచ్చారు. కొట్టు నడవడం లేదనీ, ఈ సాయం కూడా అందకపోతే షట్టరు దించడమేననీ చెప్పుకొచ్చారు. వచ్చే ఏడు కూడా చేను నీదేనన్నారు. పిన్ని చేయాల్సిందల్లా, అడిగితే కూలికొచ్చానని చెప్పడం.

నడుం పట్టేసి మంచాన పడ్డ పెనిమిటి ఒప్పుకొమ్మన్నాడు. కూతురు మాత్రం కంచం ముందు నుంచి విసురుగా లేచిపోయింది. పిన్ని తన కంచమూ తీసేసి ఆలోచనలో పడింది. నిజం చెబితే డబ్బు వస్తుంది, చేను పోతుంది. చేను లేకుండా పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్లాలో తోచలేదు. పొయ్యి ముందు కూర్చుని, చెప్పాల్సిన మాట బట్టీ పట్టింది.

మర్నాడు ఆఫీసరమ్మ వచ్చేసరికి బావగారు ఇస్త్రీ చొక్కాతో గట్టు మీద ఉన్నారు. పిన్ని పార పట్టుకుని, తన చేలో తనే పరాయిదానిలా ఓ పక్కన నిలబడింది. ఫొటోకి చేను మధ్యకి వెళ్లమంది ఆఫీసరమ్మ. బావగారు ప్యాంటు పైకి లాక్కుని, బురద లేని చోటు వెతుక్కుంటూ టమాటా సాలు మీదే అడుగేశారు. వానకి వాలిపోతే పిన్ని ఒక్కొక్కటే లేపి, మొదళ్లకి మట్టి ఎగదోసి బతికించుకున్న మొక్కలవి.

"అక్కడ తొక్కుతారేంటి? కళ్లు కనపడవా? పక్కకి జరగండి."

అన్నాక గానీ ఆ గొంతు తనదేనని పిన్నికి తెలియలేదు. బావగారు ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోయారు. కూలికొచ్చిన మనిషి ఆసామిని కసరడం ఆఫీసరమ్మ ఎక్కడా చూసి ఉండదు. ఫోను దించి పిన్ని వైపు తిరిగింది.

"నిజం చెప్పండి. ఈ పంట ఎవరిది?"

పిన్ని బట్టీ పట్టిన మాట ఎటు పోయిందో పోయింది. కూతురి మొహం కళ్లముందు మెదిలింది. బావగారు గుటక మింగడం కనిపించింది.

"వాళ్లదేనమ్మా. నేను కూలికొచ్చాను."

ఆఫీసరమ్మ ఆమెను ఎగాదిగా చూసి, ఫొటో తీసుకుని వెళ్లిపోయింది. గండం గడిచిందనుకుంది పిన్ని. డబ్బు పోతే పోయింది, చేను దక్కింది. బావగారు గట్టెక్కి చెమట తుడుచుకున్నారు. ఆమె మొహం చూడకుండా మాట్లాడారు.

"ఈ కాపు అయ్యాక చేను ఇంకొకళ్లకి ఇస్తానమ్మా. ఏమీ అనుకోకు."

"మీరు చెప్పమన్నట్టే చెప్పాను కదా బావగారూ."

"చెప్పావు. కానీ చెప్పే ముందు ఆగావు. ఆ కాసేపట్లో నా ప్రాణం పోయినంత పనైంది. ఏటా ఆ భయం నేను పడలేను."

ఆయన వెళ్లిపోయారు. ఎలాగూ ఆగినదాన్ని, ఆ నిజమేదో చెప్పేసి ఉంటే డబ్బైనా దక్కేదని పిన్నికి అప్పుడు ఒళ్లు మండింది, తన మీద తనకే.