మిగిలింది మూడడుగులు

మా కొట్టు గోడ మీద ఎర్ర గీత పడిన పొద్దున, గీసేవాళ్లకు అడ్డం రాకుండా తాళ్ల చుట్టలు జరిపి జాగా ఇచ్చింది మా బాపే. రంగు అంటితే తాడు అమ్ముడుపోదని ఆయన భయం. గీత ఎక్కడ పడుతుందో మాత్రం చూడలేదు. వాళ్లు ఆయన కూర్చునే గద్దెకు బాగా వెనక, పక్క గోడ మీద నిలువునా ఒక గీత లాగి, "అయిపోయింది పెద్దాయనా, మీ తాళ్లు మళ్లీ పెట్టుకోండి" అని మర్యాదగా చెప్పి పక్క కొట్టుకు పోయారు. గీతకు ఇవతల ఉన్నదంతా రేపటి రోడ్డు. గద్దె రోడ్డు. గల్లాపెట్టె రోడ్డు. బాపు కూడా రోడ్డు మధ్యలోనే కూర్చుని చాయ్ తాగుతున్నాడు.

బోధన్‌లో మార్కెట్‌కు పోయే దారిలో మాది తాళ్లు, గోనె సంచులు, తాడిపత్రులు అమ్మే కొట్టు. చెరకు ఎక్కువ పండిన రోజుల్లో మోపులు కట్టే తాడు పోయేది. ఇప్పుడు వడ్ల మీద కప్పే తాడిపత్రులు పోతాయి. రుద్రూర్ నుంచి, చందూర్ నుంచి రైతులు వస్తారు. మబ్బు పట్టిందంటే ఊరంతా ఆకాశం చూసి దిగులుపడుతుంది, మేం మాత్రం షట్టర్ ఇంకాస్త పైకెత్తుతాం. మా వంశం పుణ్యం అంతంతమాత్రం.

రోడ్డు వెడల్పు చేస్తారని విన్న రోజునే ఇంట్లో అందరూ నా వైపు చూశారు. బేరంలో నాకు పేరుంది. ఆస్పత్రిలో కుట్లకు బిల్లు వేస్తే, రెండు కుట్లు తగ్గించుకోమని డాక్టరును అడిగిన మనిషిని. మా ఆవిడ వేల్పూర్ పసుపు రైతుల బిడ్డ. పెళ్లిచూపుల్లో నేను వాళ్ల నాన్నను పసుపు ధర అడిగానని, పిల్లను తర్వాత చూశానని ఇప్పటికీ చెప్తుంది. గీత చూసి వచ్చి ఆమె అన్నది: "ఇన్నేండ్లు కూరగాయలామెతోని కొట్లాడినవు గదా. ఇగ సర్కారుతోని కొట్లాడు, సూస్తం."

నేను కాగితం మీద ఆలోచించే మనిషిని. రోడ్డుకు పన్నెండు అడుగులు పోతాయన్నారు. మా కొట్టు లోపలికి పద్దెనిమిది అడుగులు. అంటే ఆరు మిగులుతాయి. ఆరడుగుల్లో గద్దె పడుతుంది, తాళ్లు పడతాయి, మా బాపు పడతాడు. డెబ్బై దాటిన మనిషికి కొట్టు తప్ప ఇంకో పని తెలియదు. పండుగ రోజు ఇంట్లో కూర్చోబెడితే సాయంత్రానికి జ్వరం తెచ్చుకుంటాడు. కాబట్టి నేను పట్టుకున్నది ఒకటే మాట: ఏం పోయినా సరే, ఆయన కూర్చోవడానికి కొట్టు మిగలాలి. "లోతు పద్దెనిమిది అడుగులు" అని దరఖాస్తులో రాసి, కింద గీత కూడా కొట్టాను.

పద్దెనిమిది అని నాకెలా తెలుసు? తాళ్లు అమ్మే కొట్లో పుట్టాను కాబట్టి. మేం తాడు కొలిచేది బారలతో. రెండు చేతులూ చాచితే ఈ కొన నుంచి ఆ కొనకు ఒక బార, అంటే ఆరడుగులని లోకం లెక్క. పెద్ద బేరం వస్తే బాపు చేతులు చాచి అలసిపోయేవాడు కాదు. వెనక గోడకు కొట్టిన మేకు నుంచి గడప దగ్గరి కమ్మీ దాకా తాడు లాగి, "గిది మూడు బారలు" అనేవాడు. మా కొట్టే మా కొలబద్ద.

కొలతల మనిషి వచ్చాడు. ముప్పై ఏళ్లు కూడా ఉండవు, మెడలో గుర్తింపు కార్డు. టేపు పట్టి, "పదిహేను అడుగులు" అన్నాడు.

"మల్లొకసారి సూడుండ్రి సర్. పాత టేపు సాగుతది" అన్నాను. సాగిన టేపు తక్కువ చూపిస్తుందని నాకు తెలుసు.

అతను కోపం తెచ్చుకోలేదు. సంచిలోంచి సెల్ ఫోనంత యంత్రం తీశాడు. మీట నొక్కితే వెనక గోడ మీద ఎర్రచుక్క పడింది. యంత్రం కూడా పదిహేనే అంది.

"మా బాపు నలపై ఏండ్ల సంది కొలుస్తుండు సర్. మూడు బారలు" అన్నాను ధీమాగా.

"పెద్దాయనా, ఒకసారి చేతులు చాపండి" అన్నాడతను.

బాపు చాచలేదు. మా బాపు పొట్టి మనిషి. చెప్పులతో సహా అయిదడుగులు. ఆయన బార కూడా అంతే. ఆ సంగతి నాకు ఆ క్షణం దాకా తట్టకపోవడమే నా తెలివికి కొలత. నలభై ఏళ్లుగా ఊరికి అమ్మిన అబద్ధాన్ని చివరికి మేమే కొనుక్కుని, దరఖాస్తులో రాసి, కింద గీత కొట్టి ఆఫీసుకు ఇచ్చాం.

అంతలో తాడిపత్రి కోసం వచ్చి అంతసేపూ ఊరికే నిలబడ్డ చందూర్ రైతు గొంతు సవరించుకున్నాడు. "అంటే కాకా, నీ మూడు బారలంటే పదిహేనేనా?"

బాపు గల్లాపెట్టె మీద దుమ్ము తుడిచాడు.

"మొన్న నీ తాడుతోని బాయిల మోటరు దించితె నీళ్లకు అందకపాయె. నీళ్లు అడుగుకు పోయినయని ఊరంత సెప్పిన. ఇంకింత లోతు తవ్వుదమని అప్పుగూడ అడిగిన."

కొలతల మనిషి నవ్వు ఆపుకోవడానికి కాగితాల్లోకి తల దూర్చాడు. నేను బాపు వైపు చూశాను. టేపు తప్పంటే కొట్టుకు ఆరడుగులు మిగలొచ్చు. టేపు ఒప్పంటే మూడడుగులే. కాని టేపు తప్పని నిరూపించాలంటే ఆ చేతులు అందరి ముందు చాచాలి. బాపు లేచి, చుట్టలోంచి తాడు లాగి, కొలవకుండానే కోసి రైతు చేతికిచ్చాడు. "తీస్కపో బిడ్డా, దీనికి పైసలద్దు." తర్వాత కొలతల మనిషితో, "పదిహేనే రాసుకో సారు" అన్నాడు.

అక్కడితో నేను బేరం మొదలు పెట్టకముందే మూడడుగులు ఓడిపోయాను.

మున్సిపల్ ఆఫీసులో కథ వేరు. అక్కడ ఎవరూ కసురుకోలేదు, కుర్చీ వేశారు, నీళ్లిచ్చారు. కసురుకుంటే నాకు బేరం సాగేది. మర్యాదతో ఎలా పోట్లాడాలో మాకు ఎవరూ నేర్పలేదు. పోయే జాగాకు డబ్బులుండవని, హక్కు పత్రం ఇస్తామని అధికారి వివరించాడు. ఆ పత్రం ఉంటే ఎక్కడైనా మేడ కట్టేటప్పుడు మామూలుకన్నా పైకి కట్టుకోవచ్చు. కట్టుకునే స్తోమత లేకపోతే బిల్డర్‌కు అమ్ముకోవచ్చు.

"అంటే సర్, కింద తీసుకొని పైన ఇస్తున్నరు."

"అలాగే అనుకోండి."

పక్కన కూర్చున్న బాపు చేతులు జోడించాడు. "పైకి ఎట్లయిన పోయేటోన్నే సారు. గప్పుడే జాగ ఎందుకు?"

నేను బాపు మోకాలు నొక్కి రంగంలోకి దిగాను. పోయినదానికి ఒకటిన్నర రెట్లు అడిగి, ఒకటికి దిగుదామని నా లెక్క. అధికారి కాగితం తిప్పి చూసి, "నిబంధనలోనే అంతకంటే ఎక్కువ ఉంది సర్. తగ్గించి రాయమంటారా?" అన్నాడు. జీవితంలో మొదటిసారి నేను అడిగినదానికన్నా ఎక్కువ ఇస్తామన్నారు, అదీ గాలిలో.

చివర్లో ఆయన ఒక మంచిమాట కూడా చెప్పాడు. "ఆ మూడడుగులు మీకెందుకు? అవి కూడా ఇచ్చేస్తే పత్రంలో కలుపుతాం."

"లేదు సర్" అన్నాను. మొత్తం ఇచ్చేసినవాడిని బేరగాడని ఎవరంటారు? దారిలో బాపు, "మూడడుగులల్ల గద్దె వడ్తదా?" అని రెండుసార్లు అడిగాడు.

పత్రం వచ్చింది. నిజామాబాద్‌లో తెలిసిన బిల్డర్‌కు ఫోన్ చేశాను. ఆయన చాలాసేపు నవ్వి, "అన్నా, గీడ నా ఆకాశమే ఖాళీగున్నది. నీదేం జేస్కోవాలె?" అన్నాడు. పత్రాన్ని బీరువాలో చీరల మధ్య పెట్టాం.

చెప్పిన తేదీకే కూల్చే యంత్రం వచ్చింది. పన్నెండు అడుగులు పొద్దున చాయ్‌కి, మధ్యాహ్నం అన్నానికి మధ్య పోయాయి. మిగిలిన మూడడుగుల ముందు ఒక రేకు తడక, దాని ముందు కొత్త మురుగు మోరీ.

ఆ మూడడుగుల్లో బాపు కొట్టు తెరిచాడు. గద్దె పట్టలేదు. స్టూలు వేసుకుని పక్కకు తిరిగి కూర్చునేవాడు, బస్సులో కిటికీ పక్క సీటులో కూర్చున్నట్టు. తాడిపత్రి విప్పి చూపించాలంటే సగం రోడ్డు మీద పరవాలి. ఆటోవాళ్లు దాని మీంచే పోయేవారు. వాన కురిస్తే వానకు కప్పే సరుకు అమ్మే మనిషి తడిసేవాడు. మోకాళ్లు వాచాయి. ఇంటికి రమ్మంటే, "గిరాకి అస్తది" అనేవాడు. వచ్చిన గిరాకీ కూడా తాడు కొనేముందు, "కాకా, సర్కారు కొలతేనా?" అని అడిగి నవ్వేది.

మా కొట్టుకు సరిగ్గా వెనక ఒక అక్క ఇల్లు, ఇంటి ముందే ఆమె పిండి గిర్ని. భర్త పోయాక ఆమే నడుపుతోంది. స్కూటర్ కూడా కష్టంగా దూరే సందులోంచి జొన్నల సంచులు నెత్తిన పెట్టుకుని జనం వచ్చేవారు. మా మూడడుగులు లేకపోతే ఆమె గిర్ని నేరుగా పెద్ద రోడ్డు మీదికి వస్తుంది. ఇది నేను కనిపెట్టిన రోజు నాకు నిద్ర పట్టలేదు, సంతోషంతో. సర్కారు దగ్గర పోయిందంతా ఆమె దగ్గర లాగొచ్చు!

ధర నేను చెప్పలేదు. ముందు ఆమెతో చెప్పించాలని మా ఇంటి పద్ధతి. ఆమె కూడా గిర్ని మనిషే, చెప్పలేదు. ఎనిమిది నెలలు ఇద్దరం ఆరోగ్యాలు అడుగుతూ గడిపాం.

"మూడడుగులల్ల ఏం జేస్తవు తమ్మీ?" అనేది.

"నీకేం అక్కా, ఎంతిస్తవో సెప్పు."

"నేనేమిస్త? నువ్వే సెప్పు."

"చూద్దం తియ్."

"చూస్తనే ఉన్న. నువ్వు సూసుడు, నేను సూసుడు. నడుమ మీ బాపు మోకాళ్లు మోరిల వడ్డయి."

ఒక పొద్దున బాపు రేకు తడక తీసి, అగరొత్తి వెలిగించి స్టూలు మీద కూర్చున్నాడో లేదో, ఆ అక్క వచ్చి ముందు నిలబడింది. మొదటి గిరాకీని బోణీ అంటాం. బోణీకి వచ్చిన మనిషిని వట్టి చేతులతో పంపితే ఆ రోజంతా వ్యాపారం కాదని మా బాపు నమ్మకం. ఒకసారి బోణీకి వచ్చినాయన లేని సరుకు అడిగితే పక్క కొట్లో కొనుక్కొచ్చి ఇచ్చిన మనిషి. ఈ సంగతి అక్కకు బాగా తెలుసు.

"కాకా, బోణీ నాదేనా?"

"నీదే బిడ్డా. ఏం గావాలె?"

"నువ్వు గూసున్న జాగ."

నేను అప్పుడే చాయ్ పట్టుకుని వస్తున్నాను. దూరం నుంచే తల అడ్డంగా ఊపాను, చాయ్ ఒలికేలా దగ్గాను. బాపు నా వైపు చూడలేదు.

"ఏమిస్తవు మరి?"

"గిర్ని ముంగట రోడ్డు మొకాన ఒక షట్టర్ దింపిస్త. గద్దె వట్టేటంత. నువ్వున్నన్ని రోజులు అది నీదే. కిరాయి అద్దు."

"బాపూ, జర ఆగు! దానికి ధర..." అన్నాను.

"బోణీకాడ నడుమ మాట్లాడకు" అన్నాడు బాపు. తర్వాత ఆమెతో, "గద్దె నిజంగ పడ్తదా?" అన్నాడు.

"గద్దె, తాళ్లు, నువ్వు. నీ కొడుకు బయట నిలవడ్తడు."

"అయితే తీస్కో."

అంతే. ఎనిమిది నెలల నా మౌనం ఒక అగరొత్తి కాలేలోపు అమ్ముడుపోయింది.

"బాపు తర్వాతనో అక్కా?" అని అడిగాను, అడగకుండా ఉండలేక.

"తర్వాత నువ్వు కిరాయి గట్టు తమ్మీ. గప్పుడు నేను ధర సెప్త, నువ్వు బేరం జెయ్యి. సరేనా?"

మేస్త్రీ ఆ రోజే ఖాళీగా ఉన్నాడట. సర్కారుకు నోటీసులు, పత్రాలు, యంత్రం కావలసి వచ్చాయి. మిగిలిన మూడడుగుల గోడను మాత్రం మేమే పడగొట్టాం: గడ్డపార నాది, "అటు కాదు, ఇటు కొట్టు" అనే మాట బాపుది. ఆయన అంత ఉషారుగా ఉండడం చూసి ఏడాది దాటింది. గోడ సగం దిగాక నాకొక సంగతి తట్టింది: బేరంలో ఇటుకల ప్రసక్తి రాలేదు.

"అక్కా, ఇటుకలు ఎవలియి?"

ఆమె గిర్ని ఆపకుండానే కేకేసింది. "తీస్కపో తమ్మీ. నీకు బేరమాడకపోతే తిన్నది అరగదు."

నాలుగు ట్రిప్పుల ఆటోలో ఇటుకలు ఇంటికి చేర్చి మిద్దె మీద పేర్చాను. ఎందుకని మా ఆవిడ అడిగింది. పైన కట్టుకునే హక్కు మనకుందిగా, పనికొస్తాయన్నాను. కొత్త షట్టర్‌లో గద్దె పట్టిందా అని ఆమె బాపును అడిగింది. పట్టిందన్నాడు. నేను పట్టానా అని మాత్రం ఎవరూ అడగలేదు.