వీరలక్ష్మి టీచర్ చేదతాడు

నానక్‌రామ్‌గూడలో నా షేర్ ఆటో ఎక్కినవాళ్లు కథ వినకుండా దిగలేరు. పదో తరగతి మధ్యలో బడిని నేనే వదిలేశాను. గిట్టనివాళ్లు మాత్రం బడే నన్ను వదిలించుకుందంటారు. తొంభై ఎనిమిదిలో మాదాపూర్‌లో గుండ్రటి మేడ లేచినప్పుడు, దాని రాళ్లన్నీ నా ఆటోలోనే వెళ్లాయని చెప్పేవాణ్ణి. ఆ మాటకు అందరికంటే ఎక్కువ నవ్వేది వీరలక్ష్మి టీచర్.

ఆవిడది భీమవరం వైపు. రాళ్లు కొట్టేవాళ్ల పిల్లలకు రేకుల షెడ్డులో చదువు చెప్పేది. ఊరి చివర తవ్వి వదిలేసిన క్వారీ గుంట వానలకు నిండింది. పైనుంచి చూస్తే మోకాళ్ల దాకే ఉన్నట్టుండేది.

"గుంట లోతు. దిగకూడదు. అర్థమైందా?"

"అర్థమైంది టీచర్!" అని పిల్లలంతా రాగం తీసేవారు. ఒకరోజు అందరికంటే గట్టిగా అరిచింది రాళ్లు కొట్టే నాగేశ్వరి కొడుకు గిరీష్. ఆ సాయంత్రమే గుంటలో దిగాడు. ఎంత వెతికినా దొరకలేదు.

అప్పటినుంచి టీచర్ నవ్వలేదు. "అర్థమైందా" అన్న మాట మళ్లీ నోటికి రానివ్వలేదు.

గిరీష్ చెల్లెలు మౌనిక మాత్రం రోజూ గుంట అంచున కూర్చుని నీళ్లతో మాట్లాడేది. పోవద్దంటే "పోను" అనేది. మళ్లీ అక్కడే ఉండేది.

"ఎవరితోనే ముచ్చట?" అన్నాను.

"అన్నతోని. గీ నీళ్ల కిందనే ఉన్నడు. జర వంగితే అందుతడు."

నాకు ఏ కథా తోచలేదు. వెళ్లి టీచర్‌కు చెప్పాను.

మర్నాడు ఆవిడ గుంట దగ్గరికి చేదతాడు తెచ్చింది. "దీనికో రాయి కట్టండి బాబూ."

"తాడెందుకు టీచరమ్మా? నేనే దుంకి అడుగు ముట్టొస్త!"

"మీరు దూకితే నీళ్లన్నీ ఊళ్లోకొస్తాయండి. కట్టండి."

మౌనికను ఒడిలో గట్టిగా పట్టుకుని, తాడు ఆ పిల్ల చేతికే ఇచ్చింది. రాయి మునిగింది. అంతలో నాగేశ్వరి పరుగెత్తుకొచ్చింది.

"ఏంది టీచరమ్మా! ఒక్కడు సాలలేదా? దీన్ని గూడ గుంటకిస్తవా?"

టీచర్ పిల్లను ఇంకా దగ్గరికి లాక్కుంది. తాడు సరసరా జారుతూనే ఉంది.

"అమ్మా, పట్టుకో. ఇంకా పోతుంది," అంది మౌనిక.

నాగేశ్వరి పట్టుకుంది. తాడంతా అయిపోయింది. అడుగు తగలక రాయి ఇంకా వేలాడుతూనే ఉంది.

"గింత కిందికి పోయిండా నా కొడుకు!"

మౌనిక నీళ్లకేసి చూసింది. "అన్న అందడమ్మా," అంది. తల్లి కొంగు పట్టుకుని ఇంటివైపు లాగింది. ఆ తర్వాత ఆ పిల్ల అంచుకు వెళ్లలేదు.

వాళ్లు వదిలిన తాడు అందుకున్న టీచర్ మాత్రం దాన్ని వదల్లేదు. కింద ఎవరైనా లాగుతారేమోనన్నట్టు వంగి కూర్చుంది.

"ఇగ పోదాం, లేవండి టీచరమ్మా."

"రాయి ఇంకా తగల్లేదండీ," అంది.