మాసయ్య తాత వాటా

మాసయ్య తాత ఒప్పందం కుదరందే నమూనా ఇవ్వడు. పులుసులో ఉప్పు చూడమని భార్య జమ్ములమ్మ గరిటె చాపినా అంతే.

"చూస్త. ముందు నా వంతెంతో చెప్పు."

"గిన్నెడూ నీకే గదయ్యా!" అని ఆమె నెత్తి కొట్టుకుంటుంది.

ఈ పిచ్చి ఫోన్‌లో వార్తలు వినీవినీ పట్టింది. పేద దేశాలు రోగాల నమూనాలు పంపితే పెద్ద దేశాలు టీకాలు చేసుకుంటున్నాయట. మరి టీకాల్లో మా వాటా ఏదని పేద దేశాలన్నీ జెనీవాలో ఒక్కటై అడుగుతున్నాయట. ఒకప్పుడు పాలమూరు కూలీలను బొంబాయి మట్టిపనులకు తీసుకెళ్లిన గుంపు మేస్త్రీకి ఇంకేం కావాలి?

"గీళ్లు మనోళ్లే! ఒక్కడడిగితే పొమ్మంటరు. గుంపడిగితే కుర్సీ ఏస్తరు" అని మురిసిపోయాడు.

ఆయన చేతికి చిక్కిన అభాగ్యురాలిని నేనే. పాన్‌గల్ అవతల చిన్న దవాఖానలో రక్తం తీసే యమునను. షుగర్ పరీక్షకు వేలు చాపమంటే "బొట్టుకెన్ని గోలీలు?" అని బేరం.

మొన్న వానలకు ఊరి చివర గుడిసెల్లో జ్వరాలొచ్చాయి. మేం దవాఖానలోనే శిబిరం పెడితే నలభై మంది వచ్చారు. వాళ్లందరి ముందు, ఏ జ్వరమూ లేని మాసయ్య!

"మందులు ఈడికొచ్చినంకనే రక్తం. పోయినేడు రక్తం పోయింది, మందులు నడుమ ఊళ్లల్లనే ఐపోయినయ్."

నలభై చేతులూ వెనక్కి పోయాయి. వరుసలో చిన్నారి అఖిల ఒళ్లు కాలిపోతోంది. నాకు మండింది.

"పిల్ల జ్వరంతో ఉంటే నీ జెనీవా ఏంది తాతా?"

"దాని కోసమే బిడ్డా."

డాక్టర్ జగదీశ్ సారు పరేషానై ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. గంటలో మందుల జీపు వచ్చింది.

"నలభై పొట్లాలు. సరేనా తాతా?" అన్నాను.

"నలభై ఒకటి. నా వాటా ఏది?"

"నీకు జ్వరం లేదు గద!"

"వాటా వాటనే."

ముసలోడికి ఎంత ఆశ అనుకుంటూ, జీపులోంచి ఇంకో పొట్లం అడిగి తీసుకుని, ఆయన పేరు రాసి బీరువాలో పెట్టాను. అప్పుడు అందరికంటే ముందు చెయ్యి చాపి, సూది చూసి కళ్లు గట్టిగా మూసుకున్నాడు. అఖిల మూడు రోజుల్లో లేచి ఆడుకుంది.

నాలుగో రోజు తాత అఖిల తల్లి ఉమను వెంటబెట్టుకొచ్చాడు. గద్వాల దిక్కు పత్తి విత్తనాల పనికి పోయి, అప్పుడే జ్వరంతో దిగింది. సారు చూసి మందు రాశాడు. చూస్తే బీరువాలో మిగిలింది ఆ ఒక్క పొట్లమే.

"నా వాటా ఈమెకియ్యి. పనికి పోయినోళ్లు వరుసల ఎట్ల నిలబడ్తరు? ఆళ్ల వంతు మేస్త్రీ అడగాలె."

నాకు సిగ్గేసింది.

ఆ సాయంత్రం వాళ్లింటికి వెళ్తే, జమ్ములమ్మ ఉప్పు చూడమని నాకు గరిటె చాపింది.

"చూస్త గానీ అవ్వా, నా వంతెంత?" అన్నాను.

మూలన కూర్చున్న మేస్త్రీ లేచి, నాకు కుర్సీ వేశాడు.