ఖాసిం మాస్టారికి కడసారి వీడ్కోలు

బతికున్న మనిషికి ఊరూరి నుంచి పూలదండలు మోయించిన ఘనత మార్కాపురం రచయితల్లో నాకొక్కడికే దక్కింది. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను, నవ్వుకోండి.

మా రచయితల బృందం పెట్టి అప్పటికి పాతికేళ్లు దాటింది. పలకల దుకాణం మేడమీద గదిలో నెలనెలా కూడేవాళ్లం. అంటే నేను, బృందాన్ని పెట్టిన ఖాసిం మాస్టారు, టీ కోసం వచ్చే ఇంకో ఇద్దరు. మాస్టారు రిటైరైన తెలుగు పండితుడు. యతి తప్పిన పద్యం వింటే అన్నంలో రాయి తగిలినట్టు ముఖం పెడతారు.

ఒకరోజు ఆయనే అన్నారు. "ఇంక మూసేద్దాం నాయనా. ఆదివారం పొద్దున ఆఖరి సభ. అందరికీ మెసేజి పెట్టు. ఈ ఒక్కసారన్నా వస్తారేమో."

ఉత్త మెసేజికి ఎవరొస్తారు? నాలోని కవి ఒళ్లు విరుచుకున్నాడు. "పాతికేళ్లు మనకు వెలుగు చూపిన ఖాసిం మాస్టారికి ఆదివారం ఉదయం మన గదిలో కడసారి వీడ్కోలు. బరువెక్కిన గుండెలతో తరలిరండి" అని గ్రూపులో వేశాను. నిమిషంలో వరసగా దండం బొమ్మలు! నా వచనానికి మొక్కుతున్నారనుకుని మురిసిపోయాను. మాస్టారిదేమో బటన్ల ఫోను, ఆయనకేమీ తెలియదు.

ఆదివారం మెట్ల నిండా జనం. ఆరేళ్లుగా ముఖం చూపించని యర్రగొండపాలెం కవి వెంకటరెడ్డి బంతిపూల దండతో ముక్కు చీదుకుంటూ వచ్చాడు.

"ఎట్ల పోయినాడబ్బా?"

"నడిచే పోయినాడన్నా. టీ చెప్పొస్తానని."

"టీ చెప్పబోతా పోయినాడా! అదృష్టవంతుడు, సులువైన సావు."

"సావేంది?"

"నువ్వే కదరా రాసినావు, కడసారి వీడ్కోలని!"

"అయ్యో, మూసేది గదినన్నా, మాస్టారిని కాదు! దాచండి ఆ దండలు!"

కూర్చోలేక, నిలబడలేక, కిటికీలోంచి దూకితే ఎన్ని ఎముకలు మిగులుతాయో లెక్కేస్తుండగా మాస్టారు మెట్లెక్కి వచ్చారు. గిద్దలూరు నుంచి వచ్చిన టీచరమ్మ కెవ్వుమంది. ఆయన దండలను చూశారు, నన్ను చూశారు.

"ఏందిరా ఇది?"

చెప్పాను. ఇక చెప్పు తీస్తారనుకున్నాను. ఆయన వెంకటరెడ్డి వైపు తిరిగారు.

"జేబులో ఆ కాగితమేందప్పా?"

"ఏంలేదు సార్... మీ మీద స్మృతి పద్యం."

"ఇంకెవరెవరు రాసుకొచ్చినారు?"

ఒక్కొక్కటిగా పదకొండు చేతులు లేచాయి.

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఇన్నేళ్లు రాయండి రాయండని బతిమాలితే ఒక్కడన్నా రాయలా. కూసోండి. చదవండి."

వెంకటరెడ్డి కాగితం విప్పి మొదలుపెట్టాడు.

"ఆగు! రెండో పాదంలో యతి ఏది? నేను లేనని యతిని గూడా వదిలేస్తావా?"

మధ్యాహ్నం దాకా సాగింది. పదకొండు పద్యాలూ దిద్దాక గదికి తాళం పడింది, బృందం ముగిసింది. అందరం మెట్లు దిగుతుంటే మాస్టారు ఆ కాగితాలన్నీ మడిచి జేబులో పెట్టుకున్నారు.

"నా దగ్గరే ఉండనీ. అసలు రోజుకు తప్పుల్లేకుండా చదువుకోవచ్చు."

ఆ మెట్ల మీదే నేను ఒట్టేసుకున్నాను. ఇకపై నా మెసేజిలో సభ అంటే సభ, పెళ్లి అంటే పెళ్లి. గుండెల బరువు గురించి ఈ జన్మలో రాయను గాక రాయను.