చీరల కొట్టువాడి కుకీ

కిరండూల్ ఇనుప గనుల క్వార్టర్లో అప్పలకొండ పొద్దున్నే కంప్యూటర్ మీది ఎర్రధూళి తువ్వాలుతో తుడిచి, వైరస్ స్కాన్ పూర్తయ్యేదాకా టీ ముట్టడు. గని గేటు దగ్గర కాపలా కాసే మనిషి. ముక్కూమొహం తెలియనివాడు తన ఇంట్లోకి తొంగిచూస్తే ఊరుకోడు. కెమెరా కంటికి స్టిక్కరు బొట్టు అంటించాడు. మనం చూసినవి గుర్తుపెట్టుకుని వెంటపడే కుకీలన్నిటినీ ఏరిపారేస్తాడు, ఒక్కటి తప్ప. దాని పుణ్యాన తెర అంచున రోజూ చీరల ప్రకటనలు వస్తుంటాయి. ఆదివారం కూతురు ఇంద్రాణి మౌస్ పట్టుకుని కుకీల జాబితా తెరిచింది.

"అరే, దీన్నెందుకు ఉంచావు నాన్నా? వీడే అసలు చోర్. తీసేస్తున్నా."

"ఒగ్గీయే దాన్ని!" అప్పలకొండ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"చీరలు నువ్వు కడతావేటి?"

"అవి మీ అమ్మ సూసే కొట్టోడివే. అది పోయిందని ఆ కొట్టోడికింకా తెల్దు. కొత్తవొచ్చినప్పుడల్లా దానికే సూపిస్తన్నాడు."

ఇంద్రాణి మౌస్ వదిలేసి, కుర్చీ తండ్రి పక్కకి జరుపుకుంది. కాసేపు తెరకేసి చూసి, "ఆ నీలంది అమ్మకి నప్పదు నాన్నా," అంది.